అరుగు మీద పిల్లవాడు

జగిత్యాలలో సార్ సంతాప సభ పెడుతున్నామని ఫోన్ వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి మాట, "స్టేజీ ఎత్తుగా ఉంటుందా?" అని. మోకాళ్ళ నొప్పులతో అడుగుతున్నాననుకున్నారు పాపం. "మెట్లున్నయ్ మేడమ్, మేం పట్టుకొని ఎక్కిస్తం" అన్నారు. నేనడిగింది మోకాళ్ళ గురించి కాదు. స్టేజీ ఉంటే మెట్లుంటాయి, మెట్లుంటే వాటి కింద చెప్పుల కుప్ప ఉంటుంది. నా బెంగంతా ఆ కుప్ప గురించే.

ఎందుకో చెప్పాలంటే సార్ గురించి చెప్పాలి. పేరు రాయను. ఆయన పేరు వింటే మా వైపు ఇప్పటికీ ముందు ఇంటిపేరు గుర్తుకొస్తుంది, దాని వెంట ఊరు, ఊరి వెంట దొరల కోటలాంటి గడి. ఆ వరస ఆయనకు గిట్టేది కాదు.

కోరుట్ల కాలేజీలో ఆయన చరిత్ర చెప్పేవారు, నేను బోటనీ. మిషన్ హాస్టల్లో చదువుకుని ఉద్యోగంలో చేరిన రోజున స్టాఫ్ రూములో ఎవరో నా ఊరడిగారు. రాయికల్ దగ్గర అని ఊరి పేరు చెప్పాను. మూలన పేపరు చదువుకుంటున్న ఒక పొడుగాటి మనిషి గభాలున లేచి నిలబడ్డాడు. "కూసోండ్రి" అని తన కుర్చీ నా వైపు జరిపాడు. పక్కన ఖాళీ కుర్చీలు బోలెడున్నాయి. ఆయన మా ఊరి దొర కొడుకనీ, మా బాపు ఆ గడిలో వెట్టి చేసినవాడు కాబట్టే ఆ కుర్చీ జరిగిందనీ తెలుసుకోవడానికి నాకు ఆ సాయంత్రం దాకా పట్టలేదు. కూర్చున్నాను గానీ ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

"తప్పైంది" అన్నది ఆయన ఊతపదం. సుద్దముక్క విరిగితే తప్పైంది. తలుపు దగ్గర ఎదురుపడితే తప్పైంది. అటెండర్ టీ తెచ్చిపెడితే, తెప్పించుకున్నందుకు తప్పైంది. ఇక మర్యాదకైతే అంతే లేదు. బస్టాండులో బిచ్చమెత్తే ముసలామెను కూడా మీరు అనేవారు. కాలేజీ గేటు దగ్గర పడుకునే కుక్క ఒక్కదానికే ఆ మన్నన దక్కలేదని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఒకసారి మా బాపు నన్ను చూడటానికి కోరుట్ల వస్తే, సార్ ఎదురుగా పోయి "మీరు మంచిగున్నరా?" అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. బాపు ఇంటికొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "సారు మీరు అనంగనే, నా ఎనుక ఇంకెవలన్న ఉన్నరా అని తిరిగి సూసిన బిడ్డా!"

అవి చెడ్డరోజులు. ఊళ్ళలో కూలీ సంఘాలు లేచాయి, నక్సలైట్ అన్నల మాట చెల్లుతోంది, పోలీసు క్యాంపులు పడ్డాయి. దొరలు గడులకు తాళాలు వేసి పట్నం చేరారు. సార్ భార్య, బంధువులు కూడా హైదరాబాదుకు పోయారు. ఆయన మాత్రం కోరుట్లలో ఒక కిరాయి గదిలో ఉండిపోయారు. సొంత ఊరు కూతవేటు దూరం, పోవడానికి లేదు. బాపు కూడా ఊరు విడిచాడు. సంఘంలో తిరిగినవాళ్ళ ఇళ్ళ మీద పోలీసులు పడుతుంటే తంగళ్ళపల్లికి మారి, సిరిసిల్లలో సాంచెల మీద పనికి కుదిరాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. దొర కొడుకుకూ లేదు ఊరు, వెట్టివాడికీ లేదు.

ఆ రోజుల్లో ఎవరి ఇంటికి పోయినా తలుపు కొట్టేవాళ్ళం కాదు. తలుపు చప్పుడైతే లోపల ఉన్నవాళ్ళ గుండె ఆగిపోయేది, వచ్చింది పోలీసులో అన్నలో తెలియదు కదా. వాకిట్లో నిలబడి "నేను, ఫలానా" అని గొంతెత్తి చెప్పేవాళ్ళం. సార్ గదికి పోయినా అంతే.

ఈ గొడవలన్నీ ముదరకముందే జర్మనీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ నాట్ల పాటలు రికార్డు చేసుకోవడానికి మా వైపు వచ్చిందట. ఆమెను ఊరూరా తిప్పింది సారే. మోకాళ్ళ దాకా బురదలో దిగి, టేప్‌రికార్డరు నెత్తిన పెట్టుకుని, ఆడవాళ్ళ వెంట నడిచేదట. వాళ్ళు ఆమెను తెల్లదొరసాని అంటే, ఆ మాటకు అర్థం సార్ చెప్పగానే ముఖం మాడ్చుకుందట. అప్పటి నుంచి ఇద్దరికీ స్నేహం. దాన్ని స్నేహం అనాలో, ఏళ్ళ తరబడి సాగిన తగువు అనాలో నాకు తెలియదు. పాటకు అర్థం ముందా, పాడే మనిషి ముందా అని ఉత్తరాల్లో కొట్లాడుకునేవారు. ఆమె కోరుట్ల వచ్చినప్పుడు నేను చూశాను. సార్ తప్పైంది అన్నప్పుడల్లా ఆమె తన వచ్చీరాని తెలుగులో వేలు చూపించి అడిగేది: "తప్పు ఎక్కడ? చూపించు." సార్ నవ్వేవారు, చూపించేవారు కాదు.

ఆమే తన యూనివర్సిటీలోనూ, మరికొన్ని చోట్లా మాట్లాడమని సార్‌ను పిలిపించింది. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి స్టేషన్‌కు రమ్మన్నారు. అల్లకల్లోలంగా ఉన్న ఇలాకా నుంచి ఒక లెక్చరర్ కూలీల గురించి మాట్లాడటానికి పరదేశం పోతున్నాడంటే ఊరుకుంటారా? "ఏం చెప్తరు సార్ ఆడికి వోయి?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడట. "పాటల గురించి." "అన్నల పాటలా?" "కాదండి, వరి నాట్లయి." గడి పేరు తెలిశాక ఇన్‌స్పెక్టర్ మాట మెత్తబడింది, కుర్చీ వేయించాడు. మరునాడు స్టాఫ్ రూములో ఈ ముచ్చట చెప్పి అందరినీ నవ్వించిన సార్, నేనొక్కదాన్నే మిగిలాక గొంతు తగ్గించారు. "పక్క గదిలో ఎవరినో కొడుతున్నరు మేడమ్. మొత్తుకునుడు వినవడుతున్నది. నాకు టీ తెచ్చిచ్చిండ్రు. తాగిన." ఆ తర్వాత ఎప్పటిలాగే తప్పైంది అంటారనుకున్నాను, అనలేదు.

ప్రయాణానికి కరీంనగర్‌లో నల్ల బూట్లు కొన్నారు. అవి తొడుక్కుని కాలేజీ వరండాలో నడక నేర్చుకోవడం మా అందరికీ వేడుకైంది. పోయి, ఎండాకాలం మొదట్లో తిరిగొచ్చారు. అక్కడి సంగతులు చెప్పమంటే యూనివర్సిటీల గొప్ప చెప్పలేదు. "ఆడ నా పానం నిమ్మలమైంది. పొద్దుగూకేదాక అందరు ఒకలకొకలు సారీ చెప్పుకుంటనే ఉంటరు. అందుల నా తప్పైంది ఎవలకు కనవడదు" అన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. జర్మనీలో ఉపన్యాసం నచ్చితే చప్పట్లు కొట్టరట, పిడికిలి ముడిచి వేళ్ళ గణుపులతో బల్లల మీద టకటకా కొడతారట. మొదటిసారి ఆ హాలంతా ఒక్కసారి మోగేసరికి సార్ అదిరిపడి తలుపు వైపు చూశారు. ఎదుట కూర్చున్నవాళ్ళు నవ్వారు. కోరుట్ల కిరాయి గదిలో పడుకునే మనిషికి ఆ చప్పుడు ఎలా వినిపించి ఉంటుందో వాళ్ళకేం తెలుసు?

సిరిసిల్లలో నేతకార్మికులు చదువుకునే గది ఒకటుండేది. దేశాలు తిరిగొచ్చిన సార్ అక్కడ చెప్పిందే ఇక్కడ తెలుగులో చెప్పాలని వాళ్ళు పట్టుబట్టారు. నన్ను కూడా రమ్మన్నారు. సిరిసిల్ల అంటే బాపు ఉన్న చోటు కదా, సార్ మాట్లాడుతున్నారని కబురు పెట్టాను. ఆదివారం పగటిపూట సభ. బాపు పని మీది నుంచి నేరుగా వచ్చాడు, జుట్టు నిండా దూది నుసి. లోపల చోటున్నా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. వీధి పొడుగునా సాంచెల మోత, దాని మీదుగా సార్ గొంతు పెంచి మాట్లాడుతున్నారు.

చక్కగా చెప్పారు. పాటల నుంచి పాడినవాళ్ళ దగ్గరికి, వాళ్ళ నుంచి వెట్టి దగ్గరికి వచ్చారు. అక్కడొక కథ ఎత్తుకున్నారు. ఒక ఊరి కూలీ రాయికల్ అంగట్లో జీవితంలో మొదటిసారి చెప్పులు కొనుక్కున్నాడు. గడి ముందు నుంచి పోయేవాళ్ళెవరైనా మలుపు దగ్గరే చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి, అది రివాజు. ఆ కూలీ గడి బర్రెలకే పచ్చిగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. పుట్టినప్పటి నుంచి వట్టికాళ్ళతో నడిచిన మనిషి కాబట్టి, తన కాళ్ళకు చెప్పులున్నాయన్న సంగతే మరిచిపోయాడు. గడి ముందుకొచ్చేశాడు. గడివాళ్ళు ఆపారు. మోపు దించమన్నారు. చెప్పులు విప్పి నెత్తి మీద పెట్టుకుని గడి గోడ పొడుగునా నడవమన్నారు. అతను నడిచాడు.

గదిలో ఎవరో ముక్కు చీదారు. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎవరి కథో విన్నట్టు. "ఇదంతా గడి కిటికీలోంచి ఒక పిల్లవాడు చూస్తున్నాడు" అన్నారు సార్. ఆ వాక్యం ఇంగ్లీషులో ఎన్నో హాళ్ళలో అన్నదే అయ్యుంటుంది, అంత నున్నగా వచ్చింది. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర బాపు లేచాడు. గొడవేం లేదు, కోపంగా కూడా చూడలేదు. తువ్వాల దులుపుకుని బయటికి పోయాడు.

సార్ ఆయనను అప్పుడే చూశారు. "కిటికీ కాదు" అన్నారు. కిందికి వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. వట్టికాళ్ళతో నిలబడి మళ్ళీ నోరు తెరిచారు, మూశారు. ఎండకు కళ్ళు తిరిగాయనుకుని నిర్వాహకులు నీళ్ళు తెచ్చారు. సార్ వాళ్ళను తప్పించుకుని, బూట్లు అక్కడే వదిలి బయటికి నడిచారు. నేను వెనకే పరుగెత్తాను.

బాపు టీ బండి దగ్గర ఉన్నాడు. సార్ పోయి ఎదుట నిలబడ్డారు. ఎండకు రోడ్డు పెనంలా కాలుతోంది.

"కిటికీ కాదు, అరుగు" అన్నారు సార్. "నేను అరుగు మీద కూసున్న. మోపు దించుమన్నది నేనే. నెత్తి మీద పెట్టుకొమ్మన్నది నేనే. మా నాయిన ఇంట్ల గూడ లేకుండె. ఎవ్వలు చెప్పలేదు. నాకే తోచింది."

నేను బాపు ముఖం చూశాను. నాకు ఎన్నడూ చెప్పలేదు ఆయన. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"యాదికున్నది దొరా" అన్నాడు బాపు.

"తప్పైంది."

బాపు టీ ఊదుకున్నాడు. "ఇప్పుడు నువ్వు ఇడిస్తె నాకేమొస్తది? ఏస్కో పో, తొవ్వల సీసపెంకులున్నయ్" అన్నాడు. సార్ కదలలేదు. అప్పుడు బాపు గ్లాసు కింద పెట్టాడు. "గది నా ముచ్చట. నన్ను ఒక్కమాట అడగకుంట దేశాలన్ని తిప్పుకొచ్చినవ్. చెప్తె చెప్పు, నేనేం వద్దన. కానీ గా మనిషిని చెప్పినప్పుడు గా అరుగు మీది పోరన్ని గూడ చెప్పాలె." నా వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం చెప్పులు ఏడ ఇడువకు బిడ్డా."

సార్ అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. గడ్డి మోపు మోసింది చాలక ఈయన ఏడుపు కూడా మా బాపు నెత్తికే ఎత్తాలా అనిపించింది. బాపు మాత్రం ఇంకో టీ చెప్పి ఆయన చేతికిచ్చాడు. స్టేషన్‌లో ఇచ్చిన టీ లాగే సార్ దాన్నీ తాగారు.

అప్పటి నుంచి సార్ ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా చెప్పులు విప్పి మాట్లాడేవారు. క్లాసులోనూ అంతే. సరస్వతి మీద భక్తి అని పిల్లలు కాళ్ళకు దండం పెట్టేవారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఏస్కో పో అన్న మాటొక్కటే వినలేకపోయారు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను: "మీ ప్రాయశ్చిత్తం మీ కాళ్ళకు చల్లగానే ఉన్నట్టుంది, మా బాపుకు మాత్రం ఏం ముట్టింది సార్?" ఆయన సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డారు. అంత మాట అనకుండా ఉండాల్సిందని ఆ పూటే అనిపించింది. అన్నది నిజమే కదా అని కూడా అనిపించింది. ఆయన విషయంలో నా మనసు ఎప్పుడూ ఇలాగే రెండుగా ఉండేది.

జర్మనీ నుంచి మరోసారి పిలుపు వచ్చింది. ఈసారి పోయి అన్ని చోట్లా అరుగు మీది పిల్లవాడిని నేనే అని చెప్పారు. తిరిగొచ్చి నా ఎదుట కూర్చునేసరికి మనిషి సగమయ్యారు. "ఈసారి ఇంకింతసేపు కొట్టిండ్రు బల్లలు" అన్నారు. "లేచి నిలవడ్డరు గూడ. ఎంత ధైర్యం, ఎంత ధైర్యం అన్నరు. తప్పు చేసినోనికి సన్మానం చేసిండ్రు మేడమ్. గా మనిషి ఏమైండని ఒక్కలు అడగలే. పేరేందని అడగలే."

"మీరు చెప్పాల్సింది" అన్నాను.

ఆయన నేల చూపులు చూశారు. "నాకు తెల్వదు."

గడిలో బాపును పిలిచే పిలుపు ఒకటుంది. దాన్ని నేనిక్కడ రాయను. సార్‌కు తెలిసింది అదొక్కటే. నోటితో దాన్ని అనలేక, అసలు పేరు అడగడానికి ముఖం చెల్లక, ఇన్నేళ్ళూ మా బాపును మీరు మీరు అంటూ నెట్టుకొచ్చారు. బాపు వెనక్కి తిరిగి చూసి నవ్విన ఆ మర్యాద అది! నా నోటిదాకా వచ్చిన పేరును మింగి, "బాపునే అడగండి" అన్నాను. అడుగుతానన్నారు. వచ్చే నెల, పంటలయ్యాక, పరిస్థితులు సద్దుమణిగాక అన్నారు. ఈలోగా ఊపిరితిత్తుల్లో దూది చేరి బాపు పోయాడు. చెప్పి ఉంటే ఏం పోయేది అని నాకిప్పటికీ అనిపిస్తుంది. అడిగించాలన్నది నా పంతం, ఆ పంతం తప్పని కూడా అనలేను.

సార్ మళ్ళీ పరదేశం పోలేదు. ప్రొఫెసరమ్మ ఎంత రాసినా, ఇక్కడ చెప్పనిది అక్కడ చెప్పడం సులువైన పని, అది నేను చేయను అని జవాబిచ్చారట. ఇక్కడ మాత్రం చెప్పగలిగారా అంటే అదీ లేదు. ఎన్ని సభల్లో చెప్పులు విప్పారో, అన్నిసార్లూ నోరు మాత్రం విప్పలేదు. ఒంట్లో బాగాలేక హైదరాబాదు చేరాక ఒకసారి చూడబోయాను. మంచం మీద లేచి కూర్చోబోతే వద్దన్నాను. "నేను పోయినంక మన దిక్కు ఏదన్న సభ పెడ్తరు. మీరు మంచిగ మాట్లాడకుండ్రి" అన్నారు. "గది చెప్పుండ్రి. బల్లలు లేని కాడ." ఇదొకటి నా మీద వేస్తున్నారా అని మనసులో విసుక్కున్నాను. తల మాత్రం ఊపాను.

సభ రోజు హాలు నిండింది. సార్ ఫొటోకు పూలదండ, ముందు దీపం. మెట్ల కింద అనుకున్నట్టే చెప్పుల కుప్ప. మొదటి వరసలో ఉన్న ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. బాగా పెద్దదైపోయింది. "నీ మీద ఆయనకు శాన గౌరవం. మంచిగ చెప్పు బిడ్డా" అంది. నా చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాను. మాట్లాడినవాళ్ళంతా ఆ చెప్పుల భక్తి గురించే చెప్పారు. చదువంటే గుడి అనుకున్న మహానుభావుడన్నారు. అప్పుడు జర్మనీ నుంచి వచ్చిన సందేశం ఒకటి చదివారు, ఆమెకూ బాగా వయసైపోయి ఉంటుంది. ఆఖరి మాట తెలుగులోనే రాసిందట. "తప్పు ఎక్కడ, చూపించు అని అడిగేదాన్ని. నా స్నేహితుడు చూపించాడు." చదివినతను తలగోక్కుని, అర్థం కాకపోయినా బాగుందన్నట్టు నవ్వాడు. హాలు చప్పట్లు కొట్టింది.

నన్ను పిలిచారు. మెట్ల దగ్గరికి పోయేసరికి నా కుడికాలు దానంతటదే చెప్పులోంచి జారింది. ఎన్నేళ్ళ అలవాటో అది, నాది కూడా కాదు, మా బాపుది, వాళ్ళ నాయనది. ఎదుట చనిపోయిన మనిషి ఫొటో, దీపం. ఆయన భార్య చూస్తోంది. విప్పితే ఎవరికీ నష్టం లేదు. పక్కనున్న కార్యకర్త, "మేడమ్, చెప్పులు…" అని మెల్లగా గుర్తుచేశాడు.

కాలు మళ్ళీ చెప్పులో పెట్టాను. రెయిలింగ్ పట్టుకుని ఎక్కాను. చెక్క స్టేజీ మీద నా చెప్పులు టపటపమన్నాయి, వెనక గుసగుసలు లేచాయి. ఫొటోలో సార్ ఎప్పటిలాగే ఏదో తప్పు చేసి దొరికినవాడిలా చూస్తున్నారు. నాకు మాత్రం ఏం తక్కువ? ఆ నాలుగడుగులూ దొంగతనం చేస్తున్నట్టే నడిచాను. చెయ్యనివాళ్ళకే ఇంత తప్పుగా ఉంటే, చేసిన ఆయన ఒక జీవితకాలం ఎలా నడిచారో అని మొదటిసారి ఆ మనిషి మీద జాలేసింది.

మైకు సరిచేసుకున్నాను. మొదటి వరస వైపు చూడలేదు.

"సార్ చెప్పులు ఎందుకు విడిచేటోళ్ళో చెప్పుమని నాకు చెప్పిపోయిండ్రు" అన్నాను. "ముందుగాల ఒక పేరు చెప్పాలె. సార్ అది అడుగుదామనుకొని అడగలేకపోయిండ్రు. మా బాపు పేరు ఎల్లయ్య."

ఫొటో వైపు తిరిగి, ఆయనకు వినబడేలా ఇంకోసారి చెప్పాను.